అంచు పగిలిన జేగంట

(‘మిక్సింగ్ గది’ సీరియల్: తొమ్మిదవ భాగం)

కిందటి వారం మనం గ్రేస్‌ను చేతిలో ఫోనుతో నిలబెట్టి వదిలేశాం. పులివెందుల నుంచి పద్మనాభయ్యగారు “రేపు పొద్దున నీ మిషను తీసుకొని మా ఇంటికి రా. ఇది ఫోన్లో మాట్లాడే సంగతి గాదు” అని పెట్టేశారు. ఏం తప్పు జరిగిందో చెప్పలేదు.

పెళ్ళి వీడియోలు కత్తిరించి, అతికించి, పాటలూ పేర్లూ వేసి సినిమాలాగా చేసి ఇవ్వడాన్ని ప్రొద్దుటూరులో మిక్సింగ్ అంటారు. బిస్మిల్లా బీ టైలరింగ్ షాపు మీది గదిలో గ్రేస్ ఒక ల్యాప్‌టాప్ మిషనుతో సొంతంగా మిక్సింగ్ యూనిట్ పెట్టి నాలుగు నెలలే అయింది. అంతకుముందు వేరేవాళ్ళ దగ్గర పనిచేసినప్పుడు ఎవరి పెళ్ళికైనా సినిమా పాటలే వేసేవాళ్ళు. ఒకసారి అలాంటి వీడియోను నెట్‌లో పెడితే పాట హక్కులవాళ్ళు ధ్వని మొత్తం తీసేయించారు. పెళ్ళికూతురి నాన్న ఫోన్ చేసి, “ఏమ్మా, నా బిడ్డ పెండ్లి మూగోళ్ళ పెండ్లి మాదిరి జరుగుతాంది!” అని మొత్తుకున్నాడు. ఆ రోజు నుంచి గ్రేస్ నెట్‌లో పేరు చెప్పి ఉచితంగా వాడుకోదగ్గ సరుకే వాడుతోంది. ఏ చోట ధ్వనులు దొరుకుతాయి, పేర్లు వేసే రకరకాల అక్షరాలు ఎక్కడ దొరుకుతాయి, ఎవరు ఏ షరతు పెట్టారు, రంగులు సరిదిద్దడం ఎవరు బాగా నేర్పుతారు, అన్నీ ఒక పచ్చ అట్ట నోటుబుక్కులో రాసుకుంది. ఎవరి వస్తువు వాడుకున్నా సినిమా చివర వాళ్ళ పేరు వేయడం ఆమె నియమం.

పద్మనాభయ్యగారు పురోహితుడు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల, ఈ మూడు ఊళ్ళలో సగం పెళ్ళిళ్ళు ఆయన చేతి మీదే జరుగుతాయి. లగ్నం రాసిచ్చేటప్పుడు “వీడియో ఎవరికిచ్చినారప్పా?” అని ఆయన అడిగితే, అంతవరకూ ఎవరికీ ఇవ్వనివాళ్ళు “మీరే చెప్పండి సామీ” అంటారు. అలాంటాయన తన కూతురు హాసిని పెళ్ళినే గ్రేస్ చేతిలో పెట్టారు. ఆయన మెచ్చుకుంటే గదికి ఇంకో మిషను వస్తుంది. చీదరించుకుంటే గదికి తాళం పడుతుంది. జమ్మలమడుగులో నాన్న యోబు మాస్టారు బి.ఇడి. దరఖాస్తు తెచ్చి బైబిలు పక్కనే సిద్ధంగా పెట్టి ఉంచాడు.

పొద్దున గ్రేస్ జమ్మలమడుగులో, ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సెక్కేసరికి అమ్మ లీలమ్మ కూడా ఎక్కి పక్కన కూర్చుంది. ఎవరూ పిలవలేదు.

“నువ్వెందుకమ్మా?”

“వాళ్ళు పదిమంది ఉంటారు. నువ్వొక్కదానివి. తిట్లు పంచుకోను ఒక మనిషన్నా ఉండల్ల గదా” అంది లీలమ్మ, బుట్టలో నుంచి జామకాయ తీసి కొరుకుతూ. “ఏం కలిపినావు మే అందులో? మిక్సింగు మిక్సింగు అని ఏదో కలపరానిది కలిపింటావు.”

గ్రేస్ దారి పొడుగునా ఆ సినిమాను మనసులో ముందు నుంచి చివరకూ, చివర నుంచి ముందుకూ తిప్పుకుంది. ఒక్క తప్పు కూడా దొరకలేదు.

*

పద్మనాభయ్యగారి ఇంట్లో టీవీ ఎదురుగా చాప వేసి ఉంది. టీవీలో పెళ్ళికొడుకు తాళి పట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నాడు. రిమోట్ పద్మనాభయ్యగారి చేతిలో ఉంది. గోడ వారగా నవారు మంచం మీద ఆయన తల్లి ఆండాళ్ అవ్వ కూర్చుని తమలపాకుల ఈనెలు తీస్తోంది. హాసిని వంటింటి గడపలో నిలబడి, గ్రేస్ వైపు చూసి పెదవి విరిచి సైగ చేసింది. ‘నేనేం చేయలేను’ అన్నట్టుంది ఆ సైగ.

“కూచో పాపా. చూసి నువ్వే చెప్పు” అని పద్మనాభయ్యగారు బొత్తం నొక్కారు.

పెళ్ళికొడుకు వంగాడు. హాసిని తల దించింది. అక్షింతలు నెమ్మదిగా గాలిలోకి లేచాయి. అప్పుడు జేగంట ఒక దెబ్బ మోగింది. ఖంగ్. ఆ మోత పూర్తిగా ఆరకముందే సుదీర్ఘంగా శంఖం. మళ్ళీ ఖంగ్. మళ్ళీ శంఖం. గ్రేస్ చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఆ చోటు ఎన్నిసార్లు చూసినా ఆమెకు అంతే.

“బాగొచ్చింది గదా సామీ?” అంది.

ఆండాళ్ అవ్వ చేతిలో ఈనె ఆగింది.

“బాగొచ్చింది” అన్నారు పద్మనాభయ్యగారు, ఒక్కొక్క అక్షరం తూచినట్టు. “శానా బాగొచ్చింది. తల్లీ, ఇది పాడె ముందర దాసరి ఊదే శంఖం. మనిషిని వీధి దాటించేటప్పుడు కొట్టే జేగంట. నా బిడ్డ మెడలో తాళి పడతాంటే నువ్వు శవాన్ని లేపినావు.”

“దేవా!” అని లీలమ్మ చెంపలు వాయించుకుంది.

మొన్న పదహారు రోజుల పండగనాడు రెండు వైపుల బంధువులూ ఈ చాప మీదే కూర్చుని సినిమా చూశారట. తాళి కట్టే చోటికి రాగానే వేముల ఊరి నుంచి వచ్చిన వియ్యపురాలు చేతిలోని పాయసం గిన్నె చప్పుడు కాకుండా కింద పెట్టేసింది. పెళ్ళికొడుకు తాతగారైతే అలవాటు కొద్దీ లేచి, భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకుని, చేతులు జోడించి, “ఎవరు పోయినారు?” అని వీధివైపు చూశారు.

గ్రేస్ చాప మీద ముందుకు జరిగింది. “సామీ, మా ఇండ్లల్లో పోయినోళ్ళ ముందర పాటలు పాడతారు. శంఖం అంటే గుళ్ళోనే అనుకున్నా. నేను వినిందంతా గుళ్ళోదే.”

“గుడిలో శంఖం పొట్టిగా, మూడు మార్లు. గంట గలగలమని పడతాది. దారిలో శంఖం పొడుగ్గా, అడుగుకి అడుగుకి మధ్యన ఒక దెబ్బ. ఇంత చిన్న తేడా...” అని ఆయనే ఆగారు. ఆ తేడా ఈ పిల్లకు ఎవరు చెప్పి ఉంటారు అనిపించినట్టుంది. గొంతు ఒక మెట్టు తగ్గించారు. “పెండ్లిలో మేళం వాయించినారు గదా. అది పెట్టచ్చు గదా?”

“తాళి కట్టేటప్పుడు మేళం మీద కెమెరా ముబారక్ మామ కేకలు పడినాయి సామీ” అంది గ్రేస్. మిషను తెరిచి అసలు ధ్వని వినిపించింది. మేళం సంగతి దేవుడెరుగు, ఇల్లంతా ముబారక్ గొంతే: “సామీ పక్కకు జరుగు! పెండ్లికొడకా, ఈడ చూడప్పా ఈడ! కట్టొద్దు, కట్టొద్దు, ఇంకోసారి ఎత్తు! నవ్వమ్మా, ఏడుపుమొగం పెట్టొద్దు!”

వంటింటి గడపలో హాసిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అందుకే నెట్‌లో ధ్వనులు దానంగా ఇచ్చే చోట వెతికినా” అని గ్రేస్ నోటుబుక్కు తీసింది. “దక్షిణదేశపు పల్లె వీధి, తెల్లవారుజామున శంఖం, జేగంట అని ఉంది. వినినోళ్ళంతా ఐదు చుక్కలు పెట్టినారు. షరతు ఒకటే, పేరు వేయల్ల. ఆ షరతు మూడు మార్లు చదివినా.” నోటుబుక్కు మూసి, నిజం చెప్పేసింది. “దాని కింద ఇంకా ఏదో పెద్దగా రాసింది. అది చదవలేదు.”

పద్మనాభయ్యగారు రిమోట్ చాప మీద పెట్టారు. “నాలుగు గంటలకి వియ్యంకులు పిల్లను తీసకపోను వస్తాండారు. సరిచేసిన సినిమా చూసినాకే బయల్దేరతామని చెప్పి పంపినారు. అంతలోకి ఇది మారల్ల. మారలేదనుకో, అడిగినోళ్ళకి నేను అబద్ధం చెప్పలేను పాపా. జరిగింది జరిగినట్టే చెప్తా.”

“ఇంకోసారి వెయ్యి” అని మంచం మీద నుంచి గొంతు.

అందరూ అటు తిరిగారు. ఆండాళ్ అవ్వ తమలపాకులు పక్కకు నెట్టేసింది.

“అమ్మా, అదెందుకు మళ్ళా?”

“నువ్వు గమ్మునుండు. పాపా, ఆ గంట ఒకటే వెయ్యి. శంఖం వద్దు.”

గ్రేస్ అంత ముక్కనే కత్తిరించి వినిపించింది. ఖంగ్. అవ్వ కళ్ళు మూసుకుంది. “ఇంకోసారి.” ఖంగ్. మూడోసారికి అవ్వ చూపుడువేలు పైకెత్తింది. “ఇప్పుడు వినండి. దెబ్బ అయిపోయినాక. ఆ, అదీ! జ్‌జ్‌జ్ అని జీర వస్తాంది చూడు.”

వచ్చింది. పది రోజులు ఆ ధ్వనితో కాపురం చేసిన గ్రేస్ కూడా దాన్ని గమనించలేదు. జలుబు చేసిన మనిషి గొంతులాగా చివర సన్నని జీర.

“ఇది మా ఎర్రమిట్టపల్లె జేగంట” అంది అవ్వ.

ఎర్రమిట్టపల్లె అవ్వ పుట్టిల్లు. కొండాపురం పక్కన ఉండేది. రిజర్వాయరు నిండినప్పుడు ఊరితో సహా నీళ్ళలోకి పోయింది. ఊరివాళ్ళు ఇప్పుడు తలా ఒక కాలనీలో ఉన్నారు.

“జేగంటలన్నీ ఒకటే మాదిరి మోగుతాయమ్మా. అన్నీ కంచే గదా” అన్నారు పద్మనాభయ్యగారు.

“ఇది మోగదు. దీని అంచు పగిలింది.”

“నీకెట్ల తెలుసు?”

ఆండాళ్ అవ్వ కొడుకును చూసింది, మనవరాలిని చూసింది, పరాయి ఆడవాళ్ళిద్దరినీ చూసింది. ఎనభై ఏళ్ళ ముఖంలోకి తొమ్మిదేళ్ళ పిల్ల దొంగతనం ఒకటి వచ్చి కూర్చుంది.

“పగలగొట్టింది నేనే” అంది.

“ఏందీ!”

“బాదంకాయలు కొట్టుకోను. మధ్యాహ్నంపూట దాసరి నర్సన్న, అప్పటికింకా పడుచు పిల్లోడు, అరుగు మీద నిద్రపోతాండె. పక్కన జేగంట పెట్టుకోనుండె. రాయి కింద పెట్టుకుంటే కాయ జారతాది. గంటలో గుంట ఉండాది గదా, కాయ కదలదు. రెండు కాయలు పగిలినాయి. మూడోదానికి కాయ పగల్లేదు, గంట పగిలింది.” బొటనవేలి గోరు చూపించింది. “ఇంత పెచ్చు.”

“అవ్వా! ఆ పెచ్చు ఏం చేస్తివి?” అంది హాసిని లోపలికొచ్చేసి.

“ఉప్పుజాడీలో దాచినా. మా అమ్మకి కనపడితే దూలానికి కడతాది. మా నాయన ఊరికి పురోహితుడు. పురోహితుని కూతురు శవాల జేగంటలో బాదంకాయలు కొట్టుకుని తినిందని తెలిస్తే ఊరు నవ్వదా? నర్సన్న తాగి కింద పడేసినాడని అందరూ ఆయప్పనే తిట్టిరి. నేను నోరెత్తలే. డెబ్భై ఏండ్లాయె, ఇదో ఇప్పుడు చెప్తాండా.”

ముందు లీలమ్మ నవ్వింది. ఆపుకుందామని చూసి జామకాయ ముక్క గొంతుకు అడ్డం పడి, ఇంకా గట్టిగా నవ్వింది. హాసిని అవ్వ ఒడిలో తల పెట్టి ఊగిపోయింది. పద్మనాభయ్యగారు మాత్రం శవాల జేగంట ముట్టిన తల్లికి డెబ్భై ఏళ్ళ తర్వాత ఏ ప్రాయశ్చిత్తం చెప్పాలో వెతుక్కుంటున్నట్టు కొంతసేపు పైకప్పు చూశారు. చివరికి ఆయన పొట్ట కూడా కదలడం మొదలుపెట్టింది.

ఆ నవ్వులోనే గ్రేస్ నెట్‌లో ఆ పేజీ తెరిచింది. చదవకుండా వదిలేసిన ఇంగ్లీషు ముక్కను ఇప్పుడు నెమ్మదిగా తెలుగులో చదివి వినిపించింది. ‘ఊరు ఖాళీ చేసే నెలలో, అమ్మ ఫోనుతో నేను రికార్డు చేసినవి ఇవి. శంఖం ఊదింది, జేగంట కొట్టింది మా తాత దాసరి నర్సన్న. ఆ రోజు సాగనంపింది ఊరి మునసబు భార్యను. మేము పోయేటప్పుడు ఇల్లు తీసుకుపోలేము, బావి తీసుకుపోలేము కాబట్టి వాటి చప్పుళ్ళు తీసుకున్నాను. ఎవరైనా వాడుకోండి. మా ఊరివాళ్ళు ఎవరికైనా ఇది వినపడితే ఒక మాట రాయండి. విష్ణుతేజ.’

కింద నలభై చప్పుళ్ళున్నాయి. గిలక, బడిగంట, పీర్ల పండగ డప్పులు, మేకలు ఇల్లు చేరడం, వాన ముందు గాలి. అవ్వ గిలక వేయమంది. కీచుమని ఒక గిలక ఎక్కి దిగింది, బిందె అంచు రాయికి తగిలింది.

“ఆ గిలకకి ఒక్కరన్నా ఇంత నూనె పెట్టిన పాపాన పోలే” అంది అవ్వ, కళ్ళు తుడుచుకుంటూనే తిడుతూ. తర్వాత గ్రేస్ మోకాలు తట్టింది. “రాయి పాపా ఆ పిల్లోనికి. జేగంట అంచు సంగతి తెలిసిన ముసిల్ది ఒకతుందని. పులివెందులలో పురోహితం పద్మనాభయ్య ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు, వచ్చి కనపడమని రాయి.”

గ్రేస్ రాసి పంపింది. అప్పటికి పదకొండు దాటింది.

*

నవ్వు నవ్వే, పని పనే. తాళి దగ్గర ఏదో ఒకటి పెట్టాలి. గ్రేస్ వీడియో మొత్తం గాలించి, పెళ్ళికూతుర్ని గంపలో తెచ్చే చోట ముబారక్ నోరు మూసుకున్న నలభై సెకన్ల మేళం పట్టుకుంది. అది కింద పరిచింది. దాని మీద మంత్రం కావాలి.

“మంత్రం మీరే చెప్పండి సామీ. పెండ్లి మీ గొంతుతోనే గదా జరిగింది.”

“చెప్తా. దానికేం?”

“వీధిలో ఆటోలు పోతాండాయి. ఆ చప్పుడు పడకుండా బొంత కప్పుకోవల్ల.”

“ఏం కప్పుకోవల్ల?”

“బొంత. ధ్వని గురించి పాఠాలు చెప్పే ఆయన ఒకడు నెట్‌లో ఉన్నాడు సామీ. ఏ దేశమో తెలీదు. ఆయన కూడా బొంత కప్పుకునే చూపించినాడు.”

మిట్టమధ్యాహ్నం, ఫ్యాను కూడా ఆపేసి, మూడు ఊళ్ళ పురోహితుడు రెండు బొంతల కింద ఫోను పట్టుకుని కూర్చున్నారు. బయట లీలమ్మ ఒక పక్క, హాసిని ఒక పక్క బొంత అంచులు నొక్కి పట్టుకున్నారు. లోపలి నుంచి మంగళసూత్రధారణ మంత్రం గంభీరంగా వచ్చింది. వెలుపలికి వచ్చినప్పుడు ఆయన నామం కరిగి ముక్కు దాకా వచ్చింది.

“హోమం పొగ ముప్పై ఏండ్లు తట్టుకున్నా గానీ...” అని ఆయాసపడి, చెవుల్లో పెట్టుకుని తన గొంతు తానే విన్నారు. మరోసారి విన్నారు. “రెండో పాదంలో ఊపిరి తెగింది. ఇంకోసారి కప్పండి.”

అలా నాలుగుసార్లు కప్పించుకున్నారు. నాలుగోసారికి ఎవరూ అడగలేదు, ఆయనే దూరారు.

రెండున్నరకు కొత్త సినిమా టీవీలోకి ఎక్కింది. మేళం లేచింది, మంత్రం వచ్చింది, అక్షింతలు పడ్డాయి. హాసిని ముఖం ఎర్రబడింది. పద్మనాభయ్యగారు రిమోట్ పక్కన పెట్టారు.

“సరే పాపా. నేనొక్కడిని మెచ్చుకుంటే చాలదు. నాలుగింటికి మా వియ్యపురాలి చేతికి పాయసం గిన్నె ఇస్తా. ఆయమ్మ సినిమా చూస్తూ గిన్నె ఖాళీ చేసిందనుకో, మూడు ఊళ్ళలో నీ పేరు నేనే చెప్తా. గిన్నె కింద పెట్టిందనుకో...” చేతులు తిప్పేశారు.

“ఆ చివరి పేర్లలో నుంచి శంఖం పిల్లోని పేరు తీసెయ్యనా సామీ?” అంది గ్రేస్. “ధ్వని వాడలేదు గదా.”

“ఉంచు” అంది మంచం మీద నుంచి అవ్వ.

*

గ్రేస్ ఫోను వంటింట్లో చార్జింగుకు పెట్టి ఉంది. నాలుగుకు పది నిమిషాలుందనగా తీసి చూస్తే, మూడింటికే వచ్చిన జవాబు కనిపించింది. పేరు పక్కన ఊరు ఇడుపులపాయ. అక్కడ కాలేజీలో చదువుతున్నాడట. ఇన్నాళ్ళూ ఏ దేశపువాడో అనుకున్న మనిషి, ఇంతా చేస్తే బస్సుకు గంట దూరం!

‘అక్కా, అంచు సంగతి తెలిసిందంటే ఆ అవ్వ పేరు ఆండాళ్ కదా? మా తాత ఆ రోజు నిద్రపోలేదంట. కండ్లు మూసుకోని అన్నీ చూసినాడంట. ఆ అవ్వ కనపడితే చెప్పమని నాకు ఒక మాట చెప్పి పోయినాడు. అది రాసేది కాదు, నేరుగా చెప్పల్ల. జేగంట కూడా అవ్వకి చూపించి పోతా. బస్సెక్కినా. నాలుగుకంతా మీ ఇంట్లో ఉంటా.’

గ్రేస్ రెండోసారి చదివింది. జేగంట. నాలుగుకంతా. ఈ ఇంటికి!

“రావద్దని చెప్పు! రేపు రమ్మని చెప్పు!” అంది లీలమ్మ, భుజం మీద నుంచి చదివి.

జవాబు కింద ఉన్న నంబరుకు గ్రేస్ ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. బస్సు రొదలో వినపడలేదేమో. చేతిలో ఫోనుతోనే వాకిట్లోకి పరుగెత్తేసరికి వేముల వియ్యంకుల కారు వచ్చి ఇంటి ముందు ఆగింది. పద్మనాభయ్యగారు ఉత్తరీయం సర్దుకుంటూ ఎదురు వెళ్ళారు. లోపల హాసిని జీడిపప్పు ఎక్కువ వేసి పాయసం గిన్నె పట్టుకుని నిలబడింది. ముందు వియ్యపురాలు దిగింది. తర్వాత పెళ్ళికొడుకు తాతగారు కారు తలుపు పట్టుకుని ఒక కాలు కింద పెట్టారు.

అప్పుడే వీధి మలుపులో, భుజాన బరువైన గోనెసంచి వేసుకున్న ఒక సన్నపాటి కుర్రాడు, ఇళ్ళు వెతుక్కుంటూ ఇటువైపు తిరిగాడు. నడిచే ప్రతి అడుగుకూ సంచిలో ఏదో అతని తుంటికి తగులుతోంది.

ఖంగ్. జ్‌జ్‌జ్.

తాతగారు ఒంటికాలు కారులోనే ఉంచి ఆగిపోయారు. ఆయన చెయ్యి, అలవాటు కొద్దీ, భుజం మీది కండువా మీదికి పోయింది.